డాక్టర్ సలహా: పక్కింటి పిల్లాడి మాత్ర వేస్తే చదువు రాదు

ప్రశ్న: మాది బెంగళూరు, కేఆర్ పురం. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఏడాదిగా స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర కూర్చుంటున్నా ఇంకా ఒకటో తరగతి స్థాయిలోనే చదువుతున్నాడని రిపోర్టు ఇచ్చారు. చిన్నప్పుడు చెవిలో చీము కారేది, ఇప్పుడు లేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ వాళ్లబ్బాయి వాడే ఏకాగ్రత మాత్రలు ఇస్తే పరీక్షల ముందు వారం వేశాం. స్కూలు మార్చమంటారా?

జవాబు: స్కూలు సంగతి తర్వాత అమ్మా, ముందు ఆ మాత్ర మళ్లీ వెయ్యకండి. పేరు రాయలేదు, బహుశా మిథైల్‌ఫెనిడేట్ కావచ్చు. అది బరువు, బీపీ, నాడి చూసి, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని అడిగి మొదలుపెట్టే మందు, కొందరికి ఆకలి చచ్చిపోతుంది, నిద్ర పట్టదు. ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవక కుదురుగా ఉండలేని సమస్య ఉన్న పిల్లలకి కుదురు రావడానికి ఇస్తాం, అంతేగానీ ఏ అక్షరానికి ఏ శబ్దమో మాత్ర నేర్పదు. పక్కింటి నుంచి పంచదార తెచ్చుకోండి, మందులు వద్దు. వేసిన రోజుల్లో గుండె దడ, కళ్లు తిరగడం లాంటివేమైనా ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి.

ఇక చెవి. చీము ఆగిందంటే వినికిడి బాగుందని కాదు. కర్ణభేరి వెనక నీరు చేరితే నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ ప, బ ఒకేలా వినిపిస్తే పిల్లాడు వాటిని విడదీసి చదవడం కష్టమే. ఆడియోమెట్రీ (ఎంత వినిపిస్తోందో చూసే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి సరిగా కదులుతోందో చూసే పరీక్ష) చేయించండి, కళ్లు కూడా చూపించండి. ఏడాది కిందటే కావాల్సిన పని ఇది.

రిపోర్టులో 'ఒకటో తరగతి స్థాయి' అని ఉంటే నాకు చాలదు, ఎక్కడ ఆగిపోతున్నాడో కావాలి. ఒక పేరా మీరే చదివి ప్రశ్నలడగండి. అప్పుడు టకటకా చెప్పి, తను చదివినప్పుడు మాత్రం తెల్లమొహం వేస్తే, చిక్కు ఎక్కువగా అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఉండొచ్చు. 'తబొడి', 'కిమలు' లాంటి అర్థంలేని మాటలు, తనకి బడిలో నేర్పిన భాషలోవే, చదివించమని టీచర్ని అడగండి, అవి బట్టీ పట్టి ఉండడు కాబట్టి నిజంగా కూడబలుక్కుంటున్నాడో లేదో తెలుస్తుంది. మొన్న ఒక పాప పాఠం గడగడా చదివేస్తోంది, పేజీ మీద నా అరచెయ్యి పెట్టినా ఆగలేదు, అంతా బట్టీ!

ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లిష్, కన్నడ కాబట్టి ఒక్క భాషలోనే చూసి అభ్యసన వైకల్యం (తెలివి ఉన్నా చదవడం, రాయడం పట్టుబడకపోవడం) అని తేల్చకూడదు. మీ బెంగళూరులోనే ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రి పిల్లల మానసిక వైద్య విభాగంలో దీనికి పరీక్షలు చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యం కూడా ఉంది, తేలితే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. ఈలోగా పదిసార్లు రాయించడం మానేసి, రోజూ ఓ ఇరవై నిమిషాలు శబ్దం, అక్షరం కలిపి చదివించండి, సైన్స్, సోషల్ మీరే చదివి వినిపించండి. రెండు మూడు నెలలకి మళ్లీ కొలవమనండి.

చూడకుండా ఇంతకంటే చెప్పలేను. స్కూలు రిపోర్టు, ఆ మాత్రల స్ట్రిప్పు రెండూ పట్టుకుని ఈ వారమే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.