నోటితో తగ్గించిన ధర కాస్ట్ షీట్‌లో పెరిగింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. వైట్‌ఫీల్డ్ దగ్గర కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూశాం. సూపర్ బిల్టప్ (మెట్లు, లిఫ్ట్ లాంటి ఉమ్మడి స్థలాల వాటాతో కలిపి) 1,250 చదరపు అడుగులు, కార్పెట్ ఏరియా 860. అడుగుకు 7,600 చెప్పారు. బేరమాడితే సేల్స్ మేనేజర్ 7,300కు దిగాడు, కార్ పార్కింగ్ కూడా ఉచితమన్నాడు. ఆ మాట నమ్మి 2 లక్షలు బుకింగ్ కట్టాం. వారం తర్వాత కాస్ట్ షీట్ వచ్చింది. రేటు 7,300 ఉంది కానీ పార్కింగ్‌కు 3.5 లక్షలు, క్లబ్‌హౌస్‌కు 2 లక్షలు, కరెంటు, నీళ్ల కనెక్షన్లకు 1.75 లక్షలు, లీగల్ చార్జీలు 30 వేలు కలిపారు. జీఎస్టీ అదనమట. ఇదేంటని అడిగితే, 8 లక్షలు క్యాష్ ఇస్తే మరో 2 లక్షలు తగ్గిస్తామంటున్నారు. నెలలోపు 20 శాతం కట్టాలి, అగ్రిమెంట్ ఆ తర్వాతే అంటున్నారు. ఓసీ (భవనంలో నివాసానికి అనుమతి ఇచ్చే సర్టిఫికెట్) రెండు మూడు నెలల్లో వస్తుందట. చాలా టెన్షన్‌గా ఉంది. బుకింగ్ డబ్బు వదులుకోవాల్సిందేనా?

జవాబు: ముందుగా ఒక్క పని చేయండి. ఆ 20 శాతం కట్టకండి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక అగ్రిమెంట్ చేసి రిజిస్టర్ చేయించకుండా బిల్డర్ ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అడ్వాన్స్ అన్నా, అప్లికేషన్ ఫీజు అన్నా పేరు ఏదైనా లెక్క ఒకటే. ‘ముందు డబ్బు, తర్వాత అగ్రిమెంట్’ అనేది చట్టం ఒప్పుకోని పద్ధతి. మీ బలమంతా ఇక్కడే ఉంది. కట్టిన సొమ్ము తక్కువగా ఉన్నన్నాళ్లే బిల్డర్ మీ మాట వింటాడు. 20 లక్షలు వెళ్లాక మీరు బేరమాడలేరు, బతిమాలాలి.

ఇక లెక్క చూద్దాం. మొదట చెప్పిన రేటుకు ఫ్లాట్ 95 లక్షలు. తగ్గించాక 91.25 లక్షలు. చార్జీలన్నీ కలిపితే 98.8 లక్షలు. అంటే 3.75 లక్షలు తగ్గించినట్టు చూపించి, 7.55 లక్షలు వేరే పేర్లతో ఎక్కించారు. మీరు అడుగు రేటు మీద బేరమాడారు, వాళ్లు మొత్తం మీద లెక్క వేసుకున్నారు. రెరా ధర చెప్పమన్నది కార్పెట్ ఏరియా మీద, అంటే లోపలి గోడలతో సహా మీరు వాడుకునే నేల. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. 98.8 లక్షలను 860తో భాగిస్తే అడుగుకు దాదాపు 11,490 పడుతోంది. పక్క ప్రాజెక్టుతో పోల్చేటప్పుడు ఈ అంకెనే పోల్చండి. ‘సూపర్ బిల్టప్’ను ఒక్కో బిల్డర్ ఒక్కోలా లెక్కిస్తాడు కాబట్టి దాని మీద పోలిక నిలవదు.

ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఏమీ లేదు. బిల్డర్ ఎంతైనా చెప్పొచ్చు, మీరు ఎంతకైనా అడగొచ్చు. పక్క ఫ్లాట్ వాళ్లకు మీకన్నా తక్కువకు ఇచ్చినా తప్పనడానికి వీల్లేదు. అడగందే అమ్మైనా పెట్టదు, బిల్డర్ అసలే పెట్టడు. అయితే అడిగేముందు రెండు చోట్ల చూడండి. కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరవండి. ఎన్ని ఫ్లాట్లు బుక్ అయ్యాయో బిల్డర్ మూడు నెలలకోసారి అక్కడ పెట్టాలి. నిర్మాణం చివరికొచ్చి కూడా చాలా ఫ్లాట్లు మిగిలి ఉంటే మీ మాటకు బరువుంటుంది. రెండోది కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. అదే ప్రాజెక్టులో ఇప్పటికే రిజిస్టరైన ఫ్లాట్ వివరాలు దొరికితే దాని ఈసీ తీయండి, ఎంతకు రాసుకున్నారో అందులో కనిపిస్తుంది. ‘అందరికీ ఇదే రేటు సార్’ అన్న మాటకు అంతకన్నా గట్టి సమాధానం నాకు తెలీదు.

పార్కింగ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఓపెన్ పార్కింగ్, కామన్ బేస్‌మెంట్ రెరా చట్టం ప్రకారం ఉమ్మడి భాగాల్లోకే వస్తాయి. స్టిల్ట్‌లోని (భవనం కింద స్తంభాల మధ్య ఉండే) పార్కింగ్‌ను కూడా బిల్డర్ విడిగా అమ్మకూడదని ముంబయి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. కాబట్టి 3.5 లక్షలు ఏ రకం పార్కింగ్‌కో, మంజూరైన ప్లాన్‌లో అది ఎక్కడుందో రాసిమ్మనండి. ఆ ప్రశ్న వేయగానే చాలామంది దిగొస్తారు.

మీరు ఒక్క మాటలో దాటేసిన విషయం జీఎస్టీ. కడుతున్న ఫ్లాట్‌కు 5 శాతం పడుతుంది. 98.8 లక్షల మీద అది 4.94 లక్షలు. కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చాక (మన దగ్గర అందరూ ఓసీ అనే అంటారు) సొమ్మంతా చెల్లించి కొన్నదానికి జీఎస్టీ లేదు. ‘సొమ్మంతా’ అన్న మాట గమనించండి. ఓసీకి ముందే 2 లక్షల బుకింగ్ ఇచ్చారు కాబట్టి ఇదే బుకింగ్ మీద కొనసాగితే పన్ను తప్పదు. అడుగు రేటులో తగ్గించామన్న 3.75 లక్షలు, మీరు కట్టబోయే జీఎస్టీ కన్నా చిన్నది! బుకింగ్ రద్దు చేసుకుని ఓసీ వచ్చాక కొత్తగా కొనుక్కోవడం కూడా ఒక దారే. ఆలోగా ఫ్లాట్ ఇంకెవరికైనా వెళ్లిపోవచ్చు, రేటు పెంచొచ్చు. ఆ రిస్క్ తీసుకోవాలో లేదో మీ ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఒకటి మాత్రం ఖాయం: ఓసీ లేని ఫ్లాట్‌కు తాళం చెవులు తీసుకోకండి. ఓసీ తర్వాతే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దేశమంతటికీ చెప్పింది.

క్యాష్ విషయంలో నా జవాబు ఒక్క మాట: వద్దు. ఆ 8 లక్షలకు రసీదు ఉండదు. రేపు ఫ్లాట్ ఆలస్యమై డబ్బు వాపసు అడిగితే కాగితం మీద ఉన్నంతే వస్తుంది. బ్యాంకు లోను కూడా తగ్గుతుంది. ఎప్పుడైనా అమ్మితే కొన్న ధర తక్కువగా కనిపించి లాభం మీద పన్ను పెరుగుతుంది. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడేది తీసుకున్నవాడికే, కానీ ఆ సొమ్ము ఎక్కడిదని ఆదాయపు పన్ను శాఖ అడిగేది మిమ్మల్ని. రాసిన ధర గైడెన్స్ విలువ (ప్రభుత్వం ఆ ప్రాంతానికి నిర్ణయించిన కనీస విలువ) కన్నా తక్కువైతే స్టాంప్ డ్యూటీ ఎటూ గైడెన్స్ విలువ మీదే కట్టాలి. 2 లక్షల కోసం ఇన్ని తలనొప్పులు తెచ్చుకోకండి. అన్నట్టు ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డర్‌కు ఇచ్చే ప్రతి వాయిదాలో 1 శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత మీదే.

ఇక బుకింగ్ సొమ్ము. పార్కింగ్ ఉచితమన్న మాట వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఉందా? ఉంటే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టుకోకుండా ఆ ఫోనును, చాట్‌ను అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ మాట రాతలో లేకపోతే ఇప్పుడైనా రాతలోకి తెచ్చుకోవచ్చు. మేనేజర్‌కు మర్యాదగా మెయిల్ పెట్టండి: ‘ఫలానా తేదీన మీరు అడుగుకు 7,300, పార్కింగ్ ఉచితం అని చెప్పారు, ఆ మాట మీదే 2 లక్షలు కట్టాం. కాస్ట్ షీట్ దానికి తగ్గట్టు సవరించి పంపండి, రిజిస్టర్డ్ అగ్రిమెంట్ ముసాయిదా కూడా పంపండి.’ దానికి వచ్చే జవాబైనా, మౌనమైనా మీకు సాక్ష్యమే.

బుకింగ్ ఫారంలో ‘రద్దు చేస్తే సొమ్ము తిరిగి రాదు’ అని ఉండొచ్చు. భయపడకండి. మీ ఇష్టంతో వెనక్కి తగ్గడం వేరు, వాళ్లు షరతులు మార్చినందుకు తప్పుకోవడం వేరు. మీది రెండోది, అగ్రిమెంట్ కూడా ఇంకా కాలేదు. పూర్తి వాపసు అడగడానికి మీకు గట్టి ఆధారం ఉంది. ఏకపక్ష షరతులు కొనుగోలుదారుణ్ణి కట్టిపడేయలేవని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఇవ్వకపోతే కర్ణాటక రెరాలో 31వ సెక్షన్ కింద ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. అగ్రిమెంట్ లేకుండా 20 శాతం అడిగిన మెయిల్ ఉంటే దాన్నీ జతచేయండి. 13వ సెక్షన్ ఉల్లంఘనకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా ఉంది.

ఫ్లాట్ మీకు నిజంగా నచ్చి ఉంటే గొడవకు ముందు ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. ఈసారి అడుగు రేటు ఎత్తకండి. ‘పార్కింగ్, క్లబ్‌హౌస్, కనెక్షన్లు అన్నీ కలిపి, జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కాకుండా మొత్తం ఇంత’ అని ఒకే అంకె చెప్పండి. 91.25 దగ్గర మొదలుపెట్టండి, వాళ్లు నోటితో ఇచ్చిన మాట అదే కదా. ఒప్పుకుంటే ఆ అంకె, ఫ్లాట్ నంబరు, పార్కింగ్ నంబరు, అప్పగించే తేదీ అగ్రిమెంట్‌లోకి రావాలి. ముసాయిదా చేతికొచ్చాక సంతకానికి ముందు మీ సొంత లాయర్‌తో చదివించండి, బిల్డర్ లాయర్‌తో కాదు.