నారింజ రంగు నీళ్లు సింక్‌లో పోయొచ్చా?

ప్రశ్న: డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని. ప్రాక్టికల్స్ అయ్యాక మిగిలిన డైక్రోమేట్‌ని (క్రోమియం ఉన్న నారింజ రంగు ద్రావణం) సింక్‌లో పోసి కుళాయి తిప్పేస్తాం. "నీళ్లు బాగా వదిలితే ఏం కాదు" అంటారు మా సార్లు. నిజమేనా? మా దగ్గరే శుభ్రం చేసే దారుందా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనూ అదే చేశాను. గాజు సామాను క్రోమిక్ ఆమ్లంతో కడగడం, ఆ కడుగునీళ్లు సింక్‌లో పారబోయడం. కాబట్టి మీ సార్లను ఏమీ అనలేను. లెక్క మాత్రం చెబుతాను. గ్రాము పొటాషియం డైక్రోమేట్‌లో సుమారు 350 మిల్లీగ్రాముల క్రోమియం ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అంటే ఆ ఒక్క గ్రాముకే 7,000 లీటర్ల నీళ్లు కావాలి. అన్ని నీళ్లు పోసినా క్రోమియం కాలవలోనే ఉంటుంది.

మందు మీ బల్ల మీదే ఉంది. టైట్రేషన్‌లో (ద్రావణం గాఢత కొలిచే ప్రయోగంలో) వాడే మోర్స్ సాల్ట్, అంటే ఇనుము, అమ్మోనియం కలిసిన లవణం! ఫ్లాస్క్‌లో డైక్రోమేట్‌ని విషం తక్కువున్న పచ్చ క్రోమియంగా మార్చేది అదే. ప్రమాదమంతా బ్యూరెట్‌లో (గీతలున్న గాజు గొట్టంలో), సీసాలో మిగిలినదానితోనే. దాన్నీ, మిగిలిన మోర్స్ సాల్ట్‌నీ ఒకే ప్లాస్టిక్ క్యాన్‌లో పోయించండి. గ్రాము డైక్రోమేట్‌కి 8 గ్రాముల మోర్స్ సాల్ట్ పడుతుంది, ఇంకాస్త ఎక్కువే వేయండి. పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 2 దగ్గరుండాలి. రంగు చూసి మోసపోవద్దు, ఇనుము పసుపు కూడా అందులో కలుస్తుంది. కొంచెం వేరే తీసి, టైట్రేషన్‌లోలాగే ఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైలమీన్ చుక్క వేయండి. ఊదా రంగు వచ్చిందా, మోర్స్ సాల్ట్ చాలలేదన్నమాట.

తర్వాత చిక్కగా కలిపిన సున్నపు నీళ్లు కొద్దికొద్దిగా, కలుపుతూ పోయాలి. క్యాన్ వేడెక్కుతుంది, అమ్మోనియా వాసన ముక్కు పగలగొడుతుంది. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర చేయండి. పీహెచ్ కాగితం 8, 9 మధ్య చూపిస్తే ఆపేయండి. సున్నానికి బదులు కాస్టిక్ సోడా వాడి చెయ్యి జారితే, అడుగున చేరిన క్రోమియం మళ్లీ కరుగుతుంది. రాత్రంతా కదపకండి. పొద్దున్నకి బురద అడుగుకి చేరి, పైన తేట నిలుస్తుంది. తేటలో క్రోమియం లేదని పరీక్షలో తేలాకే పారబోయండి.

సాల్ట్ అనాలిసిస్‌లో (లవణంలో ఏముందో కనుక్కునే ప్రయోగంలో) వాడిన సీసం లవణాల్నీ, పాదరసం ఉన్న నెస్లర్ రియేజెంట్‌నీ ఈ క్యాన్‌లో కలపొద్దు. వాటికి విడివిడి సీసాలు, మీద పేర్లు.

ఇక ఆ బురద. ఎరువులా ఉందని మా అటెండర్ ఒకసారి గులాబీ కుండీలో వేయబోయాడు! దాన్ని ఆరబెట్టి, డబ్బాలో మూతపెట్టి, తేదీ రాసి ఉంచండి. నింపాక కాలుష్య నియంత్రణ మండలి ఆఫీసులో అడిగితే, విశాఖ దగ్గర పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఎలా పంపాలో చెబుతారు.