బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) ఊళ్లో జనం ఎలా బతుకుతున్నారు?

చాలామంది రైలు మీద ఆధారపడి బతుకుతున్నారు. తెల్లవారుజామునే ఊళ్లోని మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరులో పనికి వెళ్లి, రాత్రికి ఇల్లు చేరతారు.

కర్ణాటకలోని ఈ ఊరిని నిలబెట్టింది బంగారం. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ గనుల కంపెనీ ఇక్కడ అడుగుపెట్టింది. తమిళ ప్రాంతాల నుంచీ, మన చిత్తూరు వైపు నుంచీ కూలీలు వచ్చి చిన్న చిన్న లైన్ ఇళ్లలో స్థిరపడ్డారు. అందుకే ఇప్పటికీ వీధుల్లో తమిళం, తెలుగు, కన్నడం కలిసి వినిపిస్తాయి. 1902లోనే కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి దాదాపు 150 కి.మీ. తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. ఆ లోతులోనే 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టారు. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరిగింది, రాయిలో బంగారం తగ్గింది. 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనులను మూసేసింది. సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపొడి దిబ్బల దుమ్ము గాలి వీస్తే ఇప్పటికీ ఇళ్లలోకి వస్తుంది.