బిళ్ళగన్నేరు ఆకురసం కీమోతో పాటు తాగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. లింఫోమాకు (తెల్లకణాల్లో మొదలయ్యే క్యాన్సర్) రెండు కీమోలు అయ్యాయి. అందులో ఇచ్చే వింక్రిస్టిన్ అనే మందు బిళ్ళగన్నేరు నుంచే వస్తుందని విన్నప్పటి నుంచి, ఆ ఆకురసం రోజూ పట్టమని మా బంధువు ఒకాయన పోరుతున్నారు. కుండీ మొక్క వద్దట, నీళ్లు లేక ఎండకు మాడిన మొక్కలోనే మందు ఎక్కువట. నిజమేనా?

జవాబు: పట్టకండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఈరోజే ఆపేయండి.

అలాగని మీ బంధువు మాట పూర్తిగా తప్పు కాదు. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రవేత్తలు ఈ ఆకు షుగరుకు పనికొస్తుందేమోనని చూశారు. ఎలుకల్లో షుగరు తగ్గలేదు, తెల్లకణాలు పడిపోయాయి. క్యాన్సర్ మందుకు దారి అక్కడే దొరికింది. మొక్క పెరిగే చోటును బట్టి ఆకులో సరుకు మారడమూ నిజమే. విండోలిన్, కాథరాంథిన్ అనే రెండు పదార్థాలు జతకూడితేనే ఈ మందుల అసలు రూపం వస్తుంది. విండోలిన్ పూర్తిగా తయారవ్వాలంటే వెలుతురు కావాలి. నీటి ఎద్దడి, నేలలో ఉప్పు కొన్ని ఆల్కలాయిడ్లను, అంటే మొక్కలో తయారయ్యే ఘాటైన రసాయనాలను పెంచుతాయి. పురుగు నుంచి, ఎండ నుంచి తనను తాను కాపాడుకోవడానికి మొక్క చేసుకునే విషాలివి. లేతాకులో ఒకలా, ముదురాకులో ఒకలా ఉంటాయి. వేరులోనైతే విండోలినే ఉండదు.

నా భయం సరిగ్గా దీనికే. ఎండకు, నీటికి, కోసిన రోజుకు తగ్గట్టు మారిపోయే రసంలో ఈ పూట ఏది ఎంత పడిందో ఎవరు చెప్పగలరు? వింక్రిస్టిన్‌ను మేం ఒంటి కొలతను బట్టి లెక్కకట్టి, మామూలుగా ఒక విడతలో 2 మిల్లీగ్రాములు దాటకుండా నరానికే ఇస్తాం, నోటితో తీసుకుంటే సరిగా పట్టదు కనుక. టన్ను ఎండుటాకు నుంచి తీస్తే వచ్చేది కొద్ది గ్రాములే. అంటే గ్లాసుడు రసంలో క్యాన్సర్‌ను తగ్గించేంత మందు ఉండదు. కానీ అందులో వందకు పైగా ఆల్కలాయిడ్లున్నాయి. కీమోతో ఇప్పటికే తెల్లకణాలు తగ్గి, మలబద్ధకం, అరికాళ్ల తిమ్మిర్లతో ఉండే మనిషికి అవి కూడా తోడైతే ప్రమాదం.

రసం ఇప్పటికే ఇచ్చి ఉంటే ఎన్ని రోజులు, ఎంత పోశారో కాగితం మీద రాసి క్యాన్సర్ డాక్టరుకు చూపించండి. తిడతారని దాచకండి. రక్తకణాలు, షుగరు పరీక్ష చేయిస్తారు. జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం తెల్లవారే దాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.