లాగిన్ దగ్గర స్క్రీన్ రిజల్యూషన్ మారిపోతుంటే ముందు కేబుల్ చూడండి

ఉబుంటు లినక్స్‌లో లాగిన్ స్క్రీన్ 1024×768లో సాగదీసినట్టు వస్తోందనీ, పాస్‌వర్డ్ కొట్టాక ఒక్క క్షణం నల్లబడి 1920×1080కి మారుతోందనీ, అప్పుడప్పుడు లోపలికి వెళ్లాక కూడా 1024లోనే ఉండిపోతోందనీ అడిగారు. పైకి ఒకేలా కనిపించినా ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుకునే పిల్లల కోసం నడిచే ఒక స్టడీ హాల్లో సిస్టమ్స్ నేనే చూస్తుంటాను. అక్కడ రెండూ ఎదురయ్యాయి. 1024లో తెలుగు పీడీఎఫ్ తెరిస్తే ‘రాష్ట్రం’లో ష కింద ట వత్తు, ర వత్తు కలిసిపోయి మచ్చలా ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా దాన్నే చదివే పిల్లల కళ్లేం కావాలి? అందుకే దీన్ని చిన్న విషయమని వదిలేయలేను.

లాగిన్ స్క్రీన్ సంగతి తేలిక. దాన్ని నడిపే జీడీఎం మీ పేరు మీద నడవదు, దానికి సొంత యూజర్ ఉంటుంది. మీరు సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే మార్చి అప్లై కొడితే, అది మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉండే ‘.కాన్ఫిగ్’ లోపల ‘మానిటర్స్.ఎక్స్ఎంఎల్’ ఫైల్లో పడుతుంది. జీడీఎం ఆ ఫైల్ జోలికి రాదు. అందుకని 22.04, 24.04 వెర్షన్లలో అయితే ఆ ఫైల్‌ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ‘/వార్/లిబ్/జీడీఎం3/.కాన్ఫిగ్’లోకి కాపీ చేసి, చౌన్ కమాండ్‌తో ఓనర్‌ని జీడీఎంగా మార్చి, రీస్టార్ట్ చేయండి. ఫెడోరా అనే మరో లినక్స్‌లో అయితే ఫోల్డర్ పేరులో 3 ఉండదు. ఒక మాట గుర్తుంచుకోండి: ఆ ఫైల్లో మానిటర్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్‌తో పాటు ఏ పోర్టుకి తగిలించారో కూడా రాసి ఉంటుంది. కేబుల్‌ని వేరే పోర్టుకి మారిస్తే పాత సెట్టింగ్ పనికిరాదు, మళ్లీ కాపీ చేయాల్సిందే.

లోపల కూడా 1024లోనే ఆగిపోవడం అసలు తలనొప్పి. మానిటర్ తన వివరాలను ఈడీఐడీ రూపంలో కంప్యూటర్‌కి చెబుతుంది. అది అందకపోతే సిస్టమ్ ఎందుకైనా మంచిదని 1024×768 పట్టుకుంటుంది. వీజీఏ కేబుల్లో ఈ సమాచారం 12, 15 నంబర్ పిన్నుల మీదుగా వస్తుంది. కేబుల్ ఊడదీసి, మూడు వరుసల్లో సన్నటి వైపున్న వరుస చూడండి. ఒక చివర 11, రెండో చివర 15. అక్కడ 12 గానీ 15 గానీ వంగినా, లేకపోయినా దొంగ దొరికినట్టే. మధ్య వరుసలో 9వది లేకపోతే కంగారుపడకండి, చాలా కేబుళ్లకి అది ఉండదు. పిన్నులన్నీ బాగున్నా లోపల తీగ తెగి ఉండొచ్చు కాబట్టి మరో కేబుల్ పెట్టి చూడాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొనేటప్పుడు 12, 15 పిన్నులు రెండూ చూసి మరీ తీసుకోండి. మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే వీజీఏనే వదిలేయడం ఇంకా మేలు.

‘అప్పుడప్పుడు’ అన్నారు కాబట్టి ఇంకొకటి అడుగుతున్నా: సీపీయూ యూపీఎస్ మీద, మానిటర్ మామూలు ప్లగ్‌లో ఉందా? కరెంటు లేనప్పుడు సిస్టమ్ స్టార్ట్ చేస్తే మానిటర్ ఆఫ్‌లో ఉంటుంది, వివరాలు అందకపోవచ్చు. రెండూ యూపీఎస్ మీదే పెట్టండి, మానిటర్ ముందు ఆన్ చేయండి.

ఇవన్నీ చేసినా కుదరకపోతేనే ఎక్స్‌రాండర్, అంటే రిజల్యూషన్‌ని మనమే మార్చే కమాండ్. సీవీటీ కమాండ్‌కి 1920 1080 60 ఇస్తే ఆ రిజల్యూషన్ వివరాలుండే మోడ్‌లైన్ వస్తుంది. దాన్ని ఎక్స్‌రాండర్‌లో న్యూమోడ్, యాడ్‌మోడ్‌లతో చేర్చి, ఔట్‌పుట్, మోడ్‌లతో ఎంచుకుని, అవే లైన్లు హోమ్ ఫోల్డర్‌లో ‘.ఎక్స్‌ప్రొఫైల్’లో రాస్తే లాగిన్ అయిన ప్రతిసారీ వాటంతటవే నడుస్తాయి. ఉబుంటు మామూలుగా తెర చూపించడానికి వాడే వేలాండ్‌లో ఇది పనిచేయదు, పాత పద్ధతి ఎక్స్ఆర్గ్ కావాలి. 22.04, 24.04లలో పాస్‌వర్డ్ కొట్టే చోట కింద మూల గేర్ గుర్తు నొక్కి ‘ఉబుంటు ఆన్ ఎక్స్ఆర్గ్’ ఎంచుకోండి.