క్యాంపస్ యూనివర్సిటీయా, సిటీ యూనివర్సిటీయా?

ప్రశ్న: మా అమ్మాయికి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీకి వార్విక్‌లోనూ లండన్ యూసీఎల్‌లోనూ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) సీటొచ్చిందండి, ఒకటి క్యాంపస్ యూనివర్సిటీ, ఇంకోటి సిటీ యూనివర్సిటీ అంటున్నారు, ఎందులో చేర్పించమంటారు?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: ముందు ఒక మాటమ్మా, వార్విక్ యూనివర్సిటీ ఉండేది వార్విక్ ఊళ్ళో కాదు, కోవెంట్రీ ఊరి చివర, 1965లో మొదలైంది. క్లాసులు, హాస్టళ్ళు, లైబ్రరీ, షాపులు అన్నీ ఒక్కచోటే, మన గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ లాగా అనుకోండి, రాత్రి చదువుకుని రూముకి నడిచొచ్చేయొచ్చు, మొదటిసారి ఇల్లు వదిలిన పిల్లకి అదెంత ధైర్యమో. యూసీఎల్ 1826 నాటిది, నడి లండన్‌లో బ్లూమ్స్‌బరీ వీధుల్లో బిల్డింగులుంటాయి, బ్రిటిష్ మ్యూజియం దగ్గర్లోనే, ఊరంతా క్యాంపసే. కానీ ఆ అద్దెలున్నాయే! వీసాకి చూపించాల్సిన ఖర్చుల డబ్బు కూడా లండన్‌కే ఎక్కువ, పార్ట్‌టైమ్ చేసి లాగేద్దాం అనుకోకండి, టర్మ్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలే చెయ్యనిస్తారు. పైగా అక్కడ ఎమ్మెస్సీ మామూలుగా ఏడాదే, రూము వెతుక్కోడానికే రెండు నెలలు పోతే ఇంకేం మిగుల్తుంది చెప్పండి. రెండు చోట్లా సబ్జెక్టులు నచ్చితే నేను వార్విక్కే అంటాను. అయితే పిల్లకి జనం, సందడి లేకపోతే దిగులు పడే స్వభావమా? అదొక్కటి తననే అడగండి.