సగం ఖాళీ అయిపోయిన మాల్ మళ్ళీ కోలుకుంటుందా? తక్కువ అద్దెకి షాపు ఇస్తామంటే తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీకు దగ్గర్లో ఉన్న మాల్‌లో సగం షట్టర్లు దించేసి ఉన్నాయి, ఇప్పుడు అద్దె బాగా తగ్గించి షాపు ఇస్తామంటున్నారు, ఆ మాల్ మళ్ళీ లేస్తుందా లేదా తెలిస్తే తీసుకోవాలా వద్దా తేల్చుకుందామని మీ ఆలోచన. ఇలాంటివాటికి జనం ఠక్కున చెప్పే జవాబు "ఆన్‌లైన్ వచ్చాక మాల్స్ పని అయిపోయింది, అటు పోకండి" అని. నేను అంత సింపుల్‌గా చెప్పలేను. ఒక మాల్ మేనేజ్‌మెంట్ ఆఫీసులో చాలాకాలం పనిచేశా, మొదట ఆపరేషన్స్‌లో, తర్వాత లీజింగ్‌లో, అది కిటకిటలాడినప్పుడూ అక్కడే ఉన్నా, వెలవెలబోయినప్పుడూ అక్కడే ఉన్నా. నన్నడిగితే మీరు ముందు కనుక్కోవాల్సింది రోజుకి ఎంతమంది వస్తున్నారన్నది కాదు, ఆ బిల్డింగ్ ఎవరి చేతిలో ఉంది అన్నది. అంతా ఒకే ఓనర్ దగ్గర ఉండి షాపులు లీజుకిస్తున్నారా, లేక కట్టేటప్పుడే ఒక్కో షాపు ఒక్కొక్కళ్ళకి అమ్మేశారా? మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ముందు మాల్ ఎలా పడిపోతుందో చెప్తా, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్ళకి జనం తగ్గారు కాబట్టి షాపులు పోయాయి అనిపిస్తుంది, లోపల చాలాసార్లు వరస తిరగబడి ఉంటుంది. ఏ మాల్‌కైనా ఒకట్రెండు పెద్ద షాపులు ఉంటాయి, యాంకర్ అంటారు, డిపార్ట్‌మెంట్ స్టోరో సూపర్‌మార్కెట్టో సినిమా హాళ్ళో. వాళ్ళకి చదరపు అడుగు లెక్కన అద్దె చాలా తక్కువ పడుతుంది, వాళ్ళని చూసి వచ్చే జనం మీద బతికే చిన్న షాపులు ఎక్కువ కడతాయి, అలా నడుస్తుంది బండి. పైగా పెద్ద బ్రాండ్లు లీజులోనే రాయించుకుంటాయి, ఫలానా యాంకర్ వెళ్ళిపోతే మా అద్దె తగ్గాలి, లేదంటే మేమూ ఖాళీ చేసిపోతాం అని. అంటే యాంకర్ ఒకటి పోయిందంటే పోయేది ఒక్క షాపు కాదు, దాని వెనక ఉన్న వరసంతా కదులుతుంది. ఇదెంత సీరియస్సో తెలియాలంటే అమెరికాలో జె.సి. పెన్నీ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ కథ చూడండి, 2020లో అది దివాలా తీస్తే దాన్ని కొనుక్కున్నది ఎవరో కాదు, సైమన్, బ్రూక్‌ఫీల్డ్ అనే రెండు పెద్ద మాల్ కంపెనీలే. తమ మాల్స్‌లో ఉన్న యాంకర్ మూతపడితే జరిగే నష్టం కన్నా ఆ కంపెనీని కొనేయడమే నయం అనిపించింది వాళ్ళకి. అంతకు ముందే 2018లో సియర్స్ అనే ఇంకో డిపార్ట్‌మెంట్ స్టోర్ల కంపెనీ దివాలా తీసి ఎన్నో మాల్స్‌లో పెద్ద పెద్ద ఖాళీలు వదిలేసి పోయింది మరి.

ఇంక రెండోది మెయింటెనెన్స్ ఛార్జీ. దీని గురించి కస్టమర్లకి అస్సలు తెలీదు, షాపువాళ్ళు మాత్రం అద్దెకన్నా దీన్నే ఎక్కువ తిట్టుకుంటారు. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, లిఫ్టులు, ఏసీ ప్లాంటు, జనరేటరు, ఇవన్నీ షాపులన్నీ నిండినా సగమే నిండినా దాదాపు అంతే ఖర్చు. మామూలుగా ఖాళీ షాపుల వాటా ఓనరే భరించాలి, కానీ మా దగ్గర కొన్నాళ్ళకి ఆ వాటా కూడా ఉన్నవాళ్ళ మీదకే నెట్టారు. దాంతో ఉన్నవాళ్ళలో ఇంకో ఇద్దరు పోయారు, మిగిలినవాళ్ళ బిల్లు మళ్ళీ పెరిగింది. అప్పుడు ఆఫీసు నుంచి ఖర్చు తగ్గించమని ఆర్డర్ వచ్చింది. ఏసీకి చల్లదనం ఇచ్చే రెండు పెద్ద మిషన్లలో (చిల్లర్లు అంటారు) ఒకటి ఆపేశాం. కిందికి దిగే ఎస్కలేటర్లు ఆపేశాం, దిగడానికి మెట్లలా వాడుకుంటారులే అని. కారిడార్‌లో లైటు విడిచి లైటు వేశాం. పై ఫ్లోర్‌లో బాత్రూమ్‌లు తాళం వేసి "కింది ఫ్లోర్ వాడండి" అని కాగితం అంటించాం. విడివిడిగా చూస్తే ఒక్కోటీ సబబుగానే ఉంది, కరెంటు బిల్లు కూడా తగ్గింది, కానీ పైన బట్టల షాపు నడిపే ఆవిడ ఆఫీసుకొచ్చి "నా షాపులో లైట్లు వెలుగుతున్నాయి సార్, దాని బయట చీకటి, కస్టమరు చీకటి దాటి ఎందుకొస్తాడు" అని అడిగితే మా మేనేజర్ దగ్గర సమాధానం లేదు. ఆవిడ అన్నట్టే పై ఫ్లోర్ మొత్తం త్వరగానే పోయింది.

కాబట్టి ఆన్‌లైన్ వల్లే అంతా అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. దెబ్బ కొట్టింది నిజమే, ముఖ్యంగా పుస్తకాలు, ఎలక్ట్రానిక్స్, బొమ్మలు, వీటిని గట్టిగా కొట్టింది. కానీ చాలాచోట్ల అసలు జబ్బు అవసరానికి మించి కట్టడం. అమెరికాలో 1954లో పన్ను రూల్స్ మార్చి కొత్త బిల్డింగుల తరుగుదలని, అంటే ఏటా విలువ తగ్గినట్టు లెక్కలో రాసుకునే ఖర్చుని, మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకోనిచ్చారు, దాంతో అక్కడ అన్ని షాపులు అవసరమా కాదా చూడకుండా పన్ను కలిసొస్తుందని కట్టినవాళ్ళూ ఉన్నారు. పాత మాల్‌కి కాస్త దూరంలో కొత్తది, ఇంకా పెద్దది వస్తే, ఉన్న జనమే అటు పోతారు గానీ కొత్త జనం ఆకాశం నుంచి ఊడిపడరు కదా. చైనాలో డాంగ్వాన్‌లో న్యూ సౌత్ చైనా మాల్ అని 2005లో తెరిచారు, రెండు వేలకి పైగా షాపులు పట్టేంత పెద్దది, పదేళ్ళ దాకా దాదాపు ఖాళీగానే పడుంది. అది తెరిచేనాటికి ఆన్‌లైన్ ఏ పాటిది! జనం సులువుగా చేరుకోలేని చోట కట్టారు, అంతే. అదే మాల్ తర్వాత మార్పులు చేశాక చాలావరకు నిండింది కూడా, అందుకే ఖాళీ మాల్ అంటే ఇక శవమే అని నేను అననిది.

సరే, మాల్ పడిపోయింది, ఇప్పుడు బాగుచేద్దాం అంటారు. మొట్టమొదట చేసేది రంగులు వేయించడం, పేరు మార్చడం, మాల్ మధ్యలో ఉండే పెద్ద ఖాళీ హాల్లో (ఆట్రియం అంటారు) ఈవెంట్లు పెట్టడం. పైన పటారం లోన లొటారం. మేమూ చేశాం, శని ఆదివారాలు డాన్సు పోటీలు, సెల్ఫీ పాయింట్లు. ఈవెంట్ రోజు ఎంట్రన్స్ దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే కెమెరాలో ఫుట్‌ఫాల్, అంటే లోపలికొచ్చినవాళ్ళ సంఖ్య, బ్రహ్మాండంగా కనిపించేది (ఆ కెమెరా స్టాఫ్ టీకి బయటికెళ్ళి లోపలికొచ్చినా లెక్కేస్తుంది, కొత్త షాపులకి ఆ నంబరే చూపిస్తారు, గుర్తుపెట్టుకోండి). షాపుల బిల్లింగ్ చూస్తే మాత్రం మామూలు రోజుకీ దానికీ పెద్ద తేడా ఉండేది కాదు. పోటీ చూశారు, ఫోటో దిగారు, వెళ్ళిపోయారు.

నిజంగా లేచిన మాల్స్ ఏం చేశాయంటే, షాపింగ్ కాకుండా జనం తప్పక రావాల్సిన పని ఒకటి లోపలికి తెచ్చాయి. అమెరికాలో నాష్‌విల్ నగరంలో వన్ హండ్రెడ్ ఓక్స్ అనే పాత మాల్ పై అంతస్తులోకి 2009 ప్రాంతంలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ క్లినిక్‌లు వచ్చాయి, కింద షాపులు అలాగే నడిచాయి, 2020 చివర్లో ఆ మెడికల్ సెంటర్ మాల్‌నే కొనేసింది. అదే దేశంలో ఆస్టిన్ నగరంలో హైలాండ్ మాల్‌ని కమ్యూనిటీ కాలేజీ కొనుక్కుని, ఖాళీ అయిన జె.సి. పెన్నీ స్టోరులో 2014లో క్లాసులు పెట్టింది. చెకప్‌కి వచ్చేవాడు సేల్ ఉందా లేదా చూసి రాడు, మంగళవారం పొద్దున్నే వస్తాడు, తోడుగా ఒకళ్ళని తెస్తాడు, ఆ తోడొచ్చినవాళ్ళకి గంట టైమ్ ఉంటుంది. షాపులకి కావాల్సింది ఆ మంగళవారం జనమే, ఆదివారం ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు.

ఇది కొత్త ఐడియా కూడా కాదండీ. పూర్తిగా మూసి, లోపల ఏసీ పెట్టిన మొదటి మాల్ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఈడైనాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్. దాన్ని డిజైన్ చేసిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టినాయన, ఆయన ప్లాన్‌లో మాల్ చుట్టూ ఇళ్ళు, బడులు, మెడికల్ సెంటర్, పార్కు అన్నీ ఉన్నాయి, ఒక ఊరి నడిబొడ్డులా ఉండాలని. కట్టింది మాత్రం మాల్, దాని చుట్టూ సముద్రమంత పార్కింగ్. చివరికి ఆయనే ఈ మాల్స్‌తో నాకు సంబంధం లేదు అనేశాడు. తమాషా ఏంటంటే ఇప్పుడు అదే సౌత్‌డేల్ పార్కింగ్ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి, జె.సి. పెన్నీ ఉన్నచోట 2019లో పెద్ద జిమ్ వచ్చింది.

మరి అందరూ అలా చేయొచ్చుగా అంటారేమో, ఇక్కడే నేను మొదట్లో చెప్పిన ఓనర్ల గొడవ వస్తుంది. మా మాల్ అలా ఒక్కో షాపు ఒక్కొక్కళ్ళకి అమ్మేసిన మాల్. కట్టినవాళ్ళు డబ్బు చేసుకుని పక్కకి తప్పుకున్నారు, మెయింటెనెన్స్ ఒక్కటే మా ఆఫీసు చేతిలో. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌వాళ్ళు వచ్చి, రెండో ఫ్లోర్ మొత్తం కలిపి ఇస్తే తీసుకుంటామన్నారు, మధ్య గోడలు వాళ్ళే తీయించుకుంటారు, పదేళ్ళ లీజు. ఇంతకన్నా మంచి ఆఫర్ ఆ బిల్డింగ్‌కి రాదని ఆఫీసులో అందరికీ తెలుసు. ఓనర్ల మీటింగ్ పెట్టాం. సగంమంది ఓకే అన్నారు. కార్నర్ షాపు ఓనరు నాది కార్నర్ కాబట్టి నాకు డబుల్ రావాలన్నాడు. ఒకాయన మా అబ్బాయి తిరిగొచ్చాక అందులోనే బిజినెస్ పెడతాడు, ఇవ్వను అన్నాడు. ఒక షాపు అన్నదమ్ముల కోర్టు తగాదాలో ఉంది, ఎవరి సంతకం తీసుకోవాలో వాళ్ళ లాయర్‌కే తెలీదు. ఇంకో ఇద్దరు ఫోనే ఎత్తలేదు. ఫ్లోర్ మధ్యలో రెండు షాపులు వదిలేసి ల్యాబ్ ఎలా పెట్టుకుంటారు, వాళ్ళు కొన్నాళ్ళు చూసి వేరే బిల్డింగ్‌కి వెళ్ళిపోయారు. సింగపూర్‌లో ఇలా విడివిడిగా అమ్మిన మాల్స్ చాలా ఉన్నాయి, అక్కడ చట్టమే ఒక దారి చూపించింది, పదేళ్ళు దాటిన బిల్డింగ్ అయితే 80 శాతం వాటా ఉన్నవాళ్ళు ఒప్పుకుంటే మొత్తం కలిపి అమ్మేయొచ్చు. అలాంటి దారి లేనిచోట మొండికేసిన ఒక్కడు చాలు.

ఒకే ఓనర్ ఉన్నంతమాత్రాన బాగుపడుతుందనీ కాదు, కొందరికి షాపుల కన్నా స్థలమే లాభం. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో రాండల్ పార్క్ మాల్ 1976లో తెరిచి 2009లో మూతపడింది, దాన్ని పడగొట్టిన చోట 2018లో అమెజాన్ గోడౌన్ తెరిచారు. ఊరికి ఉద్యోగాలొచ్చాయి, మంచిదే, కానీ అందులో షాపు పెట్టుకున్నవాడికి ఒరిగిందేం లేదు. మీరు తీసుకునే షాపు కూడా అలాంటి ప్లాన్ తేలేదాకా ఖాళీ నింపడానికి వాడే షాపు అయ్యుండొచ్చు.

అందుకని అద్దె తగ్గిందని మురిసిపోకుండా, ముందు వారం మధ్యలో పగటిపూట వెళ్ళి కూర్చోండి, ఉన్న షాపుల్లో రెండు మూడింటివాళ్ళతో మాట్లాడండి, ఆఫీసువాళ్ళు చెప్పనివి వాళ్ళు చెప్తారు. పోయినేడాది మెయింటెనెన్స్ బిల్లులు చూపించమనండి, ఎలా పెరిగిందో తెలుస్తుంది. యాంకర్ లీజు ఎప్పుడు అయిపోతోందో అడగండి, చెప్పడానికి నసిగితే అదే మీ జవాబు. ఒకే ఓనర్, యాంకర్ గట్టిగా ఉంది, క్లినిక్కో కాలేజో వస్తోందని కాగితం మీద చూపిస్తున్నారు అంటే నేనైతే తీసుకుంటా, ఇలాంటి టైమ్‌లోనే మంచి ప్లేసు చవగ్గా దొరుకుతుంది. అయితే ఫిక్స్‌డ్ అద్దె వద్దు, అమ్మకంలో వాటా అనండి, ఖాళీగా ఉన్న మాల్ చాలావరకు ఒప్పుకుంటుంది. లాక్-ఇన్, అంటే ఫలానా కాలం దాకా లీజు వదులుకోకూడదనే షరతు, వాళ్ళకి ఉండాలి గానీ మీకు ఉండకూడదు. మెయింటెనెన్స్‌కి ఇంతకు మించదని సీలింగ్ రాయించండి, యాంకర్ పోతే నోటీసిచ్చి వెళ్ళిపోయే హక్కు మీకూ ఉండాలి, పెద్ద బ్రాండ్లు అడిగేదే మీరూ అడుగుతున్నారు, మొహమాటం అక్కర్లేదు. ఇంటీరియర్ మీద ఎక్కువ పెట్టకండి, విప్పి పట్టుకుపోగలిగే ర్యాకులు చాలు.

షాపులు విడివిడిగా అమ్మేసిన మాల్ అయితే మాత్రం, ఓనర్ల అసోసియేషన్ ఉందా, ఆ ఫ్లోర్ మొత్తం కలిపి ఇవ్వడానికి ఎప్పుడైనా ఒప్పుకున్నారా అని అడగండి. లేదంటే రోడ్డు వైపు ముఖం ఉండి, మాల్ లోపలికి రాకుండానే కస్టమరు నేరుగా మీ షాపులోకి అడుగుపెట్టగలిగే షాపు ఉంటే చూడండి, పై ఫ్లోర్ ఫ్రీగా ఇస్తామన్నా వద్దు.